రైలు దిగిన చోట బజారు

పెళ్ళి కుదిరిందనగానే మన ఇళ్ళల్లో మొదటి మాట ముహూర్తాల గురించి, రెండో మాట చీరల గురించి. నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు వాళ్ళకి ఆ రెండో మాటలో ఒక ఊరి పేరు కూడా కలిసే వస్తుంది. “చీరలకి మద్రాసు వెళ్ళి రావాలి” అంటారు. 1996లో ఆ ఊరి పేరు చెన్నైగా మారింది గాని, మా పెద్దవాళ్ళ నోటికి ఇప్పటికీ అది మద్రాసే. నేనూ అలవాటు కొద్దీ ఈ ప్రసంగంలో మద్రాసనే అంటాను, ఏమీ అనుకోకండి. అయితే మద్రాసు అన్నప్పుడు మా వాళ్ళ మనసులో మెదిలేది మెరీనా బీచీ కాదు, హైకోర్టూ కాదు. త్యాగరాయ నగర్. అందరూ పిలిచేది టీ నగర్ అని. అందులోనూ పానగల్ పార్కుకీ మాంబళం రైల్వే స్టేషనుకీ మధ్యనున్న నాలుగు వీధులు.

ఆ వీధుల్లో ఎన్నోసార్లు చీరలు కొన్నాం, గిన్నెలు కొన్నాం, కాళ్ళు లాగేస్తున్నాయని విసుక్కుంటూ ఇంటికొచ్చాం. కాని అంత పెద్ద ఊళ్ళో బజారు సరిగ్గా అక్కడే ఎందుకు వెలిసింది, మరో చోట ఎందుకు వెలవలేదు అని ఎప్పుడూ ఆలోచించలేదు. తీరా ఆలోచిస్తే, అందులో సగం గొప్ప చీరల వ్యాపారులదైతే మిగతా సగం రైలుదని తేలింది. ఆ కథే ఇవాళ చెబుతాను.

వందేళ్ళ కిందట మద్రాసులో ఏ వస్తువు కావాలన్నా టౌనుకి వెళ్ళాలి. టౌనంటే జార్జి టౌను. హార్బరుకి ఎదురుగా, హైకోర్టుకి అవతల. మింటు వీధి, గోవిందప్ప నాయకన్ వీధి, వాటి చుట్టూ లెక్కలేనన్ని సందులు. ఒక్కో సందుకి ఒక్కో సరుకు. కుంపిణీ కాలం నుంచీ అక్కడ వర్తకం చేసిన వాళ్ళలో మన తెలుగు కోమట్లూ, బేరి శెట్లూ చాలామందే ఉన్నారు. అయితే ఆ సందుల్లోకి వెళ్ళి సరుకు తెచ్చేది మగవాళ్ళు. ఆడవాళ్ళకి చీరలు కావాలంటే మూట భుజాన వేసుకుని ఇంటికే వచ్చే వర్తకుడు ఉండేవాడు. వసారాలో చాప పరిచి మూట విప్పితే ఇరుగూ పొరుగూ చేరేవాళ్ళు. ఆ మూటలో ఉన్న వాటిల్లోనే ఏరుకోవాలి. రంగు నచ్చకపోతే ఆయన మళ్ళీ వచ్చేదాకా ఆగాలి. ధర అంతేనా కాదా అని పక్క కొట్లో అడిగి చూసే వీలు లేదు కదా!

ఆ టౌనుకి 1895 మే 7న ట్రాములొచ్చాయి. మన దేశంలో కరెంటుతో నడిచిన మొదటి ట్రాములు అవే. అప్పటికి కలకత్తాలో, బొంబాయిలో ట్రాముల్ని ఇంకా గుర్రాలే లాగుతున్నాయి. మొదట్లో మద్రాసులో కరెంటు తీగని పైన కట్టలేదు, రోడ్డులో కాలువలా తవ్వి అందులోంచి ఇచ్చారు. వానాకాలం వచ్చేసరికి కాలువ నిండా నీళ్ళు. ఇక లాభం లేదని తీగని పైకెత్తి కట్టారు. ఆ ట్రాములు మైలాపూరు, పురసవాక్కం లాంటి పేటల్ని టౌనుతో కలిపాయి. 1900లో సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్టు తెరిస్తే దానికీ ట్రాము జనమే ఆధారం. అంటే ట్రాము కొత్త బజారుని పుట్టించలేదు, ఉన్న బజారుకే మరింత మందిని తెచ్చి పోసింది. పట్టాలన్నీ చివరికి టౌను వైపే చూశాయి. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి 1953 ఏప్రిల్ 12న ట్రాములు ఆగిపోయాయి. అప్పటికే మరో పట్టాల జత ఊరికి దక్షిణంగా ఇంకో పని మొదలుపెట్టి ఉంది.

ఇప్పుడు టీ నగర్ ఉన్న చోట ఒకప్పుడు చెరువు ఉండేది. నుంగంబాక్కం వైపు నుంచి సైదాపేట వైపుకి సన్నగా, పొడుగ్గా ఉండేది కనుక దాన్ని ఇంగ్లీషువాళ్ళు లాంగ్ ట్యాంక్ అన్నారు. ఊళ్ళో ఇళ్ళ స్థలాలకి కటకటగా ఉంది. 1920లో పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. జస్టిస్ పార్టీ ప్రభుత్వం ఆ చెరువుని ఎండగట్టి, పూడ్పించి, స్థలాలుగా కోసింది. మధ్యలో ఒక పార్కు, పార్కు నుంచి నాలుగు వైపులకీ వెడల్పు రోడ్లు. కాగితం మీద ముచ్చటగానే ఉంది. కాని చెరువుని పూడ్చిన పాపం ఎక్కడికి పోతుంది? 2021 నవంబరు వానలకి టీ నగర్ వీధులు మోకాళ్ళ లోతు నీళ్ళలో మునిగినప్పుడు, “ఇదంతా చెరువే కదా, నీళ్ళు ఇంకెక్కడికి పోతాయి” అని అక్కడి పాత కాపురస్తులు అననే అన్నారు.

పేర్లు చూడండి. పేటకి పెట్టిన పేరు సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారిది. జస్టిస్ పార్టీని స్థాపించిన పెద్దల్లో ఆయనొకరు, మద్రాసు కార్పొరేషనుకి అధ్యక్షుడిగా పనిచేశారు, 1925లో కాలం చేశారు. తెలుగు దేవాంగుల ఇంటి మనిషి. నేతవాళ్ళ ఇంట పుట్టినాయన పేరున్న పేటే పట్టుచీరల పేట అయిందంటే, ఎవరూ కావాలని చేసింది కాదు గాని నాకు మాత్రం భలే సరదాగా ఉంటుంది. పార్కు పేరు పానగల్ రాజాగారిది. ఆయన అసలు పేరు పానగంటి రామారాయణింగారు, ఆయనా తెలుగువారే. 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా ఉన్నారు. పాండీ బజారంటే పాండిచ్చేరి సరుకు అమ్మే బజారని నేను చాలాకాలం అనుకున్నాను. కాదట. జస్టిస్ పార్టీ నాయకుడు సౌందరపాండ్య నాడార్ పేరు నోళ్ళల్లో నలిగి నలిగి ‘పాండీ’గా మిగిలింది.

ఇక రైలు సంగతికి వద్దాం. బీచి స్టేషను నుంచి తాంబరం దాకా మీటరు గేజి పట్టాలు అంతకుముందే ఉన్నాయి. 1931 మే నెలలో సౌతిండియన్ రైల్వే వాళ్ళు ఆ దారిలో కరెంటు బళ్ళు నడపడం మొదలుపెట్టారు. దూరం ముప్ఫయి కిలోమీటర్లకి కాస్త తక్కువ. పొగ లేకపోవడం ఒక్కటే కాదు దీని గొప్ప. పొగబండి ఆగిందంటే మళ్ళీ వేగం అందుకోవడానికి చాలాసేపు పడుతుంది. అందుకని స్టేషన్లు దూరదూరంగా ఉండాలి. కరెంటు బండి అలా కాదు, ఆగుతుంది, వెంటనే దూసుకుపోతుంది. ఒక మైలుకొక స్టేషను పెట్టినా దానికి ఇబ్బంది లేదు. ఒక బండి పోతే వెనకాలే ఇంకో బండి. దీనితో, ఊళ్ళో ఉద్యోగం చేసేవాడు ఊళ్ళోనే ఉండాలన్న నియమం పోయింది. పల్లావరం, క్రోంపేట, తాంబరం పెరగడం మొదలుపెట్టాయి. క్రోంపేట అన్న పేరు కూడా చూడండి, అక్కడ తోళ్ళు పదును చేసే క్రోం లెదర్ ఫ్యాక్టరీ ఉండేది కాబట్టి వచ్చింది. దాని తర్వాతి స్టేషను తాంబరం శానిటోరియం. క్షయరోగుల ఆస్పత్రి పేరు. తోళ్ళ ఫ్యాక్టరీ, క్షయ ఆస్పత్రి అంటే ఊరికి దూరంగా ఉండాలని పెట్టినవే కదా! అలాంటి చోట్లకి రైలు పుణ్యమా అని గుమాస్తాలూ, టీచర్లూ కాపురాలు తీసుకెళ్ళారు. అద్దెలు తక్కువ, బావిలో నీళ్ళు, పెరట్లో రెండు కొబ్బరి చెట్లు. కాని కొట్లు లేవు. మంచి చీరకీ, పెళ్ళి సామానుకీ మళ్ళీ రైలెక్కాల్సిందే.

రైలెక్కి ఎక్కడ దిగాలి? టౌను దాకా పోవచ్చు. కాని దారిలోనే మాంబళం ఉంది.

మాంబళం స్టేషనుకి రెండు పక్కలున్నాయి. తూర్పున కొత్తగా వేసిన టీ నగర్, పడమట పాత ఊరు, దాన్ని పశ్చిమ మాంబళం అంటారు. పట్టాలు ఒకే ఊరిని రెండుగా కోశాయి. పడమటి వైపు సన్న వీధులు, తక్కువ అద్దెలు, మధ్య తరగతి కాపురాలు, కూరగాయల కొట్లు, సంగీతం పాఠాలు. ఒకప్పుడు అక్కడి దోమల మీద మద్రాసంతా జోకులు వేసేది. తూర్పు వైపు మాత్రం వెడల్పు రోడ్లు, పార్కు, బంగళాలు. అదే స్టేషను, అదే రైలు, అయినా రెండు పక్కలూ ఒకలా పెరగలేదు. రైలు మనుషుల్ని దించుతుంది, దిగినవాళ్ళు ఏ మెట్లు దిగి ఎటు నడుస్తారన్నది ఊరు చూసుకోవాలి.

తూర్పు వైపు మెట్లు దిగితే కాలు పెట్టేది రంగనాథన్ వీధిలో. అది బజారు కోసం వేసిన వీధి కాదు. ఇళ్ళున్న ఇరుకు వీధి. పేరున్న కొట్లు ముందు వచ్చింది వెడల్పు రోడ్ల మీద, పానగల్ పార్కు చుట్టూతా. కాంచీపురం నేతవారి కుటుంబానికి చెందిన నల్లి చిన్నసామి శెట్టిగారి చీరల వ్యాపారం 1928లో మొదలైంది, తర్వాత ఆ పేరే పట్టుచీరకి మారుపేరంత అయింది. రంగనాథన్ వీధి మాత్రం చాలా ఏళ్ళు దారిగానే ఉండిపోయింది. స్టేషను నుంచి ఉస్మాన్ రోడ్డుకి, అక్కణ్ణించి పార్కుకి పోయే దారి.

అయితే రోజూ వేలమంది నడిచే దారి ఎన్నాళ్ళు ఉత్త దారిగా ఉంటుంది? మొదట మల్లెపూల బుట్ట వచ్చి కూర్చుంటుంది. పూలు సాయంత్రానికల్లా అమ్ముడుపోవాలి, కనుక ఎప్పుడూ జనం ఎక్కడుంటే అక్కడికే పోతాయి. తర్వాత జామకాయలు, పిన్నీసులు, రిబ్బన్లు. తర్వాత వీధిలో ఒకాయన ఇంటి ముందుగది అద్దెకిస్తాడు. పక్కింటాయన అది చూసి తనూ ఇస్తాడు. ముందుగది చాలక ఇల్లంతా, ఇల్లు చాలక పైన మేడ, మేడ మీద మేడ. అంతా అయ్యాక చూసుకుంటే ఆ వీధిలో కాపురం ఉన్నవాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయారు.

ఈ మార్పులో స్టీలు గిన్నెల పాత్ర కూడా తక్కువది కాదనిపిస్తుంది నాకు. మన అమ్మల కాలంలో సామానంటే ఇత్తడీ, రాగీ. ఇత్తడి గంగాళం కొంటే దాన్ని బండి మీద వేయించి తేవాలి, కాబట్టి మగవాళ్ళ పనే. 1960లు, 70లు వచ్చేసరికి స్టెయిన్‌లెస్ స్టీలు వంటింట్లో అడుగుపెట్టింది. చింతపండు పెట్టి తోమక్కర్లేదు, కళాయి వేయించక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, తేలిక. ఆరు గ్లాసులు, నాలుగు గిన్నెలు, ఒక క్యారియరు సంచిలో వేసుకుని ఆడమనిషి ఒక్కతీ రైలెక్కి ఇంటికి తెచ్చుకోగలదు. ఆ వీధిలో ఇవాళ అంతస్తులకి అంతస్తులు కట్టుకున్న పెద్ద సంస్థల్లో కొన్ని మొదట స్టీలు సామాను కొట్లుగానే మొదలయ్యాయి. గిన్నెలతో పేరు సంపాదించి, ఆ తర్వాత గుడ్డల్లోకీ, నగల్లోకీ దిగాయి.

వాళ్ళ వ్యాపారం పద్ధతి కూడా రైలు జనానికి తగ్గట్టే ఉంటుంది. పెద్ద రోడ్డు మీది పాత చీరల కొట్లో మెత్తటి పరుపు మీద కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, వంద చీరలు విప్పి చూపిస్తారు. రంగనాథన్ వీధిలో ఆ మర్యాదలు ఉండవు. ధర చీటీ మీద రాసి ఉంటుంది, బేరం లేదు, ఒక్కో వస్తువు మీద లాభం కొంచెమే. కాని కొనేవాళ్ళు ఆగకుండా వస్తూనే ఉండాలి. ఒక బండి ఆగితే ఒక కెరటం, అది వీధి దాటేలోపు ఇంకో కెరటం. చిన్న లాభం మీద పెద్ద కొట్టు నిలబడిందంటే ఆ కెరటాల వల్లే. కొనేవాళ్ళకీ లాభమే. తాంబరం నుంచి వచ్చిన గుమాస్తా భార్య, బంగళాలో ఉండే లాయరుగారి భార్య ఒకే బల్ల ముందు నిలబడి అదే ధరకి అదే టవలు కొనుక్కుంటారు.

ఇందులో ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పుకోవాలి. లోకల్ బండిలో ఆడవాళ్ళకి వేరే పెట్టె ఉంటుంది. సీజను టిక్కెట్టు ఉన్నవాళ్ళు ఆ రెండు స్టేషన్ల మధ్య ఎక్కడ దిగినా మళ్ళీ టిక్కెట్టు కొననక్కర్లేదు. టైపిస్టులు, టెలిఫోను ఆపరేటర్లు, టీచరమ్మలు సాయంత్రం ఆఫీసు వదిలాక ఇంటికి పోతూ పోతూ మాంబళంలో దిగడం మొదలుపెట్టారు. ఒక జాకెట్టు గుడ్డ, పిల్లకి రిబ్బను, మూర పూలు. అరగంటలో మళ్ళీ రైల్లో ఉండేవారు. ఏడాదికొకసారి భర్త వెంట వెళ్ళి పండక్కి కొనుక్కొచ్చే పని కాస్తా దారిలో చేసుకునే పని అయింది. డబ్బు ఎక్కువ ఖర్చు పెట్టారో తక్కువ పెట్టారో నేను చెప్పలేను గాని, ఏ రంగు కొనాలన్నది తనే నిర్ణయించుకునే ఆడమనిషి ఆ వీధిలో కనబడింది. టౌనుని పెంచింది మగవాళ్ళ ట్రాము అయితే, మాంబళాన్ని పెంచింది ఆడవాళ్ళ పెట్టె అంటే నన్ను మరీ తప్పుపట్టరనుకుంటాను.

మా పెద్దత్తయ్యగారిది సూళ్ళూరుపేట. ఆవిడకి మాంబళం వెళ్ళిరావడం ఒక విద్య. సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషనులో తాంబరం బండి ఎక్కి, మాంబళంలో దిగేవారు. సంచీలో పెరుగన్నం డబ్బా. తిరుగు బండి వేళ నుంచి వెనక్కి లెక్క కట్టి, “చీరలకి గంటన్నర, గిన్నెలకి ముప్పావుగంట, ఇక మిగిలింది మీ ఏడుపులకి” అనేవారు పిల్లలతో. ఆవిడ దిగే సెంట్రల్ పక్కనే ఉన్న మూర్ మార్కెట్టు 1985 మే 30న కాలిపోయింది. తర్వాత ఆ స్థలంలో రైల్వేవాళ్ళు లోకల్ బళ్ళకి వేరే స్టేషను కట్టారు, దానికి మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అని పేరు ఉంచారు. సూళ్ళూరుపేట వైపు లోకల్ బళ్ళు అక్కణ్ణించే బయల్దేరతాయి. ఇలా మార్కెట్టు ఉన్న చోటికి రైలొచ్చి కూర్చోవడం కూడా ఆ ఊళ్ళో జరిగింది.

మాంబళానికి ముందు స్టేషను కోడంబాక్కం. ఆ పేరు వినగానే మీకు సినిమాలు గుర్తుకొస్తాయి. ఏ.వి.ఎం., విజయా వాహినీ స్టూడియోలు ఆ చుట్టుపక్కలే ఉండేవి కనుక మన తెలుగు సినిమా కూడా చాలాకాలం అక్కడి నుంచే వచ్చింది. నటులు, రచయితలు, పాటగాళ్ళు టీ నగర్‌లో ఇళ్ళు తీసుకున్నారు. వేషాల కోసం ఇంట్లో చెప్పకుండా మద్రాసు బండెక్కిన తెలుగు కుర్రాళ్ళకి పానగల్ పార్కు బెంచీలే మొదటి మకాం. ఆ మెస్సులు, ఆ అద్దె గదులు, దర్జీలు, ఫొటో స్టూడియోలు, ఇదంతా చెప్పాలంటే వేరే ప్రసంగం కావాలి.

ఇంతవరకూ విని, రైలు వేస్తే చాలు బజారు దానంతటదే వస్తుందనుకుంటే పొరపాటే. మద్రాసులోనే దానికి ఉదాహరణ ఉంది. 1995లో బీచి నుంచి చేపాకం దాకా, 1997లో మైలాపూరు దాకా, 2007లో వేళచ్చేరి దాకా స్తంభాల మీద మరో రైలు వేశారు. చాలా దూరం దాన్ని బకింగ్‌హాం కాలువ వెంబడే తీసుకుపోయారు. మన ప్రకాశం జిల్లా తీరం దాకా వచ్చే ఆ పాత పడవల కాలువే. అక్కడైతే ఇళ్ళు కొట్టక్కర్లేదు, స్థలం కొనక్కర్లేదు. స్టేషన్లు మాత్రం కోటల్లా కట్టారు, కొట్లూ ఆఫీసులూ వస్తాయన్న ఆశతో అంతస్తుల మీద అంతస్తులు. చాలా ఏళ్ళు అవి బోసిగానే ఉన్నాయి. మురుగు కాలువ గట్టున దిగినవాడు బజారులోకి రావాలంటే ఎంత నడవాలి? మైలాపూరు బజారు గుడి చుట్టూ, కోనేటి చుట్టూ తరాలుగా ఉన్నదే, అది రైలు కోసం చూసిందీ లేదు. పైగా ఆ చీకటి మెట్లు, ఖాళీ వరండాలు. సందె వాలాక ఆడపిల్ల ఒంటరిగా దిగాలంటే జంకేది. దిగగానే ఎదురుగా వీధి, వీధిలో దీపాలు, ఒక పూల బుట్ట కనబడకపోతే ఆడవాళ్ళు ఆ రైలెక్కరు. ఇది ప్లానులు గీసే ఇంజనీర్లకి తెలియదో, తెలిసినా లెక్కలోకి రాదో!

హైదరాబాదు అక్కచెల్లెళ్ళకి దీనికి మరో వైపు తెలుసు. సుల్తాన్ బజారులో గాజులూ, చీరలూ బేరమాడి కొనని వాళ్ళు మీలో ఉన్నారా? అక్కడ బజారు ముందునుంచీ ఉంది, రైలు తర్వాత వచ్చింది. మెట్రో స్తంభాలు ఆ ఇరుకు వీధిలోంచి వెళ్తాయన్నప్పుడు వ్యాపారులు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు, దారి మార్చమన్నారు, నేల కింద నుంచి తీసుకుపొమ్మన్నారు. చివరికి పై నుంచే వెళ్ళింది. కొన్ని కొట్ల ముందుభాగాలు పోయాయి. జూబిలీ బస్టాండు నుంచి ఇమ్లీబన్ బస్టాండు దాకా ఆ మెట్రో 2020 ఫిబ్రవరి 7న తెరిచారు. కొత్త రైలు ఎక్కడో ఉన్న కొనుగోలుదారుని తెస్తుంది, నిజమే. కాని గడప పోగొట్టుకున్న కొట్టువాడు ఆ కొనుగోలుదారు వచ్చేదాకా నిలదొక్కుకోవాలి కదా! ఆ లెక్క ఎవరి పుస్తకంలోనూ ఉండదు.

రంగనాథన్ వీధికీ అలాంటి లెక్కలున్నాయి. ఇళ్ళ కోసం కోసిన సన్న స్థలాల్లో ఎనిమిదేసి అంతస్తులు లేపితే గాలీ వెలుతురూ ఎక్కడివి, నిప్పంటుకుంటే ఫైరింజను ఎటు నుంచి వస్తుంది? 2008 సెప్టెంబరు 1న ఒక పెద్ద కొట్లో మంటలు లేచి, ఇద్దరు పనివాళ్ళు చనిపోయారు. 2011 అక్టోబరు చివర్లో నియమాలకి విరుద్ధంగా కట్టారని ఆ ప్రాంతంలో పలు భవనాలకి అధికారులు సీళ్ళు వేశారు. 2012 జనవరిలో, సంక్రాంతికి ముందు, సుప్రీం కోర్టు తాత్కాలికంగా తెరవనిచ్చింది. పండక్కి కొట్లు తెరిచారని సంతోషించిన వాళ్ళలో మనమూ ఉన్నాం, దాచుకోవడం ఎందుకు?

ఆ కొట్లలో పనిచేసే పిల్లలు చాలామంది మద్రాసువాళ్ళు కారు. తిరునల్వేలి, తూత్తుకుడి వైపు ఎండిపోయిన పల్లెల నుంచి వస్తారు. యజమానులే ఉండడానికి చోటూ, తిండీ ఇస్తారు. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉండాలి. 2010లో వసంతబాలన్ అనే దర్శకుడు ఈ వీధి పిల్లల మీద తమిళంలో ‘అంగాడి తెరు’ అనే సినిమా తీశాడు. ‘షాపింగ్ మాల్’ అన్న పేరుతో అది తెలుగులోకీ వచ్చింది. అందులో నాయిక అంజలి మన తెలుగమ్మాయే. చూసినవాళ్ళకి మళ్ళీ ఆ కొట్లలో చీర విప్పించాలంటే కొంచెం జంకు కలుగుతుంది. సేల్స్ గాళ్స్ కూర్చోవడానికి సీటు ఇచ్చి తీరాలని కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం చేశారు. కూర్చోవడానికి చట్టం కావలసి వచ్చిందంటే నిలబెట్టడం ఎంత అలవాటైపోయిందో ఆలోచించండి. పది గంటలు పొయ్యి ముందు నిలబడితే కాళ్ళు ఎలా ఉంటాయో మనకి ఒకరు చెప్పాలా?

2020 మార్చిలో కరోనాకి లోకల్ బళ్ళు ఆగిపోయాయి. ఎప్పుడో తెల్లవారుజామున తప్ప ఖాళీగా కనబడని ఆ వీధి పట్టపగలు ఖాళీగా పత్రికల్లో కనబడింది. ఆ ఏడాది నవంబరులో రద్దీ లేని వేళల్లో ఆడవాళ్ళు ఎక్కవచ్చని మొదట వాళ్ళకే అనుమతి ఇచ్చారు, మగవాళ్ళకి తర్వాత. ఆ బళ్ళు ఎప్పుడు కదులుతాయా అని ఎక్కువ ఎదురుచూసింది మేడల యజమానులు కాదు, వీధిలో బుట్టలు పెట్టుకునేవాళ్ళు. పెద్ద కొట్టుకి కారులో వచ్చేవాళ్ళూ ఉంటారు. పిన్నీసులమ్మే ఆమెకి రైలు జనం తప్ప వేరే జనం లేరు.

ఇప్పుడు వాళ్ళకి ఇంకో చిక్కు. మాంబళం స్టేషను నుంచి టీ నగర్ బస్టాండు దాకా 570 మీటర్ల ఆకాశ వంతెన కట్టి 2023 మేలో తెరిచారు. లిఫ్టులున్నాయి, మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి చాలా సుఖం, అందులో నేనూ ఉన్నాను. తోపులాట లేకుండా నడిచి వెళ్ళిపోవచ్చు. కాని పైన నడిచేవాళ్ళు కింద బుట్ట ముందు ఆగరు. దీనికి తోడు పానగల్ పార్కు దగ్గర నేల కింద మెట్రో స్టేషను కట్టడం మొదలుపెట్టారు. దాని మెట్లు ఏ వీధిలోకి తెరుచుకుంటాయో, ఈసారి ఎవరి ముందుగదులు కొట్లవుతాయో చూడాలి.

కిందటేడు మేనకోడలి పెళ్ళికి నేనూ ఆ వీధికి వెళ్ళాను. వంతెన మీద నుంచి కాదు, కింద నుంచే. మూడో అంతస్తులో చీరలు చూపించిన అమ్మాయికి పంతొమ్మిదేళ్ళుంటాయేమో. తెంకాశి దగ్గర పల్లె అంది. బల్ల వెనకాల స్టూలు ఉంది, నేను వంగి చూశాను. దాని మీద మడతపెట్టిన చీరల పెట్టెలు నాలుగు పేర్చి ఉన్నాయి. “కూర్చోవచ్చు కదమ్మా” అన్నాను. “జనం తగ్గితే కూర్చుంటామండీ” అని నవ్వింది. కిటికీ లేని ఆ గదిలోకి కింద స్టేషనులో బండి వచ్చిన చప్పుడు సన్నగా వినబడింది. ఆ అమ్మాయి చేతిలో చీర మడత ఆపకుండానే మెట్ల వైపు చూసింది. నేను రెండు చీరలు తీసుకుని, మా పెద్దత్తయ్య లెక్క ప్రకారం ఇంకా ముప్పావుగంట మిగిలి ఉండగానే కిందికి దిగాను.